చెవి కన్నంలో ఏది పెట్టొచ్చు: 1 మి.మీ. నుంచి 8 మి.మీ. దాకా నా ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

రెండు చెవి తమ్మెల కన్నాలనూ 8 మి.మీ. దాకా సాగదీయాలన్నది ప్లాన్. ఇప్పుడున్నవి చిన్నప్పుడు హిందూపురంలో ఆచారి కుట్టినవి, 1 మి.మీ. లోపే ఉంటాయి. నాకు నికెల్ పడదు. చర్మ డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకుని తేల్చుకున్న విషయమిది. వ్యాజిలిన్‌లో 5 శాతం నికెల్ సల్ఫేట్ కలిపి వీపుకు అతికించి, 48 గంటలకు తీసి ఒకసారి, 96 గంటలకు మళ్లీ చూశారు. నాకు ఆ చోటంతా ఎర్రబడి నీటి పొక్కులు లేచాయి. నికెల్ అలర్జీ ఒకసారి పట్టుకుందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మందులతో దురద తగ్గుతుంది గానీ అలర్జీ పోదు.

అందుకే ఈ ప్రాజెక్టులో సైజు కంటే, డిజైన్ కంటే ముందు మెటీరియల్. కన్నం సాగదీసినప్పుడు లోపలి చర్మం పచ్చిగా ఉంటుంది. పైచర్మానికి తగిలే గాజులూ ఉంగరాలూ వేరు, పచ్చి చర్మాన్ని రోజంతా ఒరుసుకుంటూ ఉండే వస్తువు వేరు. ఒక నియమం పెట్టుకున్నాను: కన్నంలోకి వెళ్లే ప్రతి వస్తువుకూ దాని లోహమేంటో చెప్పే కాగితమైనా ఉండాలి, నేను కొలిచి తేల్చుకున్నదైనా అయ్యుండాలి. అమ్మేవాళ్ల మాట ఒక్కటే చాలదు.

అమ్మకు ఫోన్‌లో చెప్తే, "మేమేమో సాగిపోయిన చెవులు కుట్టించుకుంటుంటే, నువ్వు డబ్బులిచ్చి మరీ సాగదీసుకుంటావా?" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. మా పెద్దమ్మకు బుట్టల బరువుకు కన్నం కిందికి చీరుకుపోయి కుట్లు పడ్డాయి. సన్నటి కాడకు ఎక్కువ బరువు వేలాడితే అది తీగతో వెన్న కోసినట్టు చెవిని కిందికి కోసుకుంటూ పోతుంది. వెనకటి వాళ్లు మాటీలు పెట్టుకున్నది అందం కోసమే కాదు, బరువు జుట్టు మీదికి పోవాలని కూడా. నేను చేస్తున్నది దీనికి భిన్నం. కన్నంలో నిండుగా పట్టే గుండ్రటి వస్తువు అన్ని వైపులా సమానంగా ఒత్తుతుంది, బరువు ఒక్కచోటే పడదు. ఇదంతా చెప్పాక, "లేపాక్షి బొమ్మల చెవుల్లాగానా?" అని అడిగింది. అంత పెద్దవి కావని చెప్పాను.

నగల డబ్బా పరీక్ష

ముందు ఇంట్లో ఉన్నవాటిలో ఏవి నికెల్ వదులుతున్నాయో చూద్దామనుకున్నాను. దీనికి డైమిథైల్ గ్లైఆక్సిమ్ అనే రసాయనం ఉంది. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో దొరికింది. ఆల్కహాల్‌లో కరిగించిన ఈ మందు రెండు చుక్కలు, అమోనియా రెండు చుక్కలు ఇయర్‌బడ్ మీద వేసి, నగను అర నిమిషం గట్టిగా రుద్దాలి. నికెల్ వదులుతుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. అమోనియా ఘాటు కాబట్టి కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకుని చేశాను. రుద్దిన నగను తర్వాత సబ్బుతో కడిగేయాలి.

మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే నికెల్ ఉందని ఖాయంగా తెలిసిన వస్తువొకటి కావాలి. పాత పదకొండు మూలల రెండు రూపాయల నాణెం గుర్తొచ్చింది. అది రాగి, నికెల్ మిశ్రమం. రుద్దగానే దూది చిక్కటి గులాబీ రంగుకు వచ్చింది. ఆ తర్వాత వన్‌గ్రామ్ గోల్డ్ కమ్మలు. ముందు భాగం ఏమీ చూపలేదు. వెనక కాడా, సీలా మాత్రం గులాబీ. పూత అరిగిపోయేది అక్కడే, కన్నంలో ఉండేదీ అదే. ఇక్కడ బెంగళూరులో, కమర్షియల్ స్ట్రీట్‌లో కొన్న జుంకాల కొక్కేలు ఇంకా ఘోరం. జీన్స్ గుండీ కూడా గులాబీ రంగే తెచ్చింది. బొడ్డు కింద ఏళ్ల తరబడి వేధించిన దురద మచ్చకు కారణం ఇప్పుడు తెలిసింది. అమ్మ ఇచ్చిన 916 బంగారం దుద్దులు ఏమీ చూపలేదు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. ఇది పైన ఏం వదులుతోందో చెబుతుంది గానీ లోపల ఏముందో చెప్పదు. పూత కొత్తగా ఉన్నప్పుడు పాసైన నగ ఆరు నెలలకు ఫెయిల్ కావచ్చు.

"సర్జికల్ స్టీల్" సంగతి

ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతి రెండో వస్తువు మీదా ఇదే మాట. దీనికి ఒక ఖచ్చితమైన అర్థమంటూ లేదు. ఈ పేరుతో అమ్మే 316ఎల్ రకం స్టీల్‌లో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. శరీరంలో అమర్చే ఇంప్లాంట్ల కోసం చేసే ఏఎస్‌టీఎం (లోహాల వంటివాటికి ప్రమాణాలు పెట్టే సంస్థ) ఎఫ్138 స్టీల్‌లోనూ 13 నుంచి 15 శాతం ఉంటుంది. అయితే క్రోమియం వల్ల పైన ఏర్పడే పల్చటి పొర ఆ నికెల్‌ను పట్టి ఉంచుతుంది. యూరప్ చట్టం కూడా లోపల ఎంత ఉందని కాకుండా ఎంత బయటికొస్తోందనే అడుగుతుంది. కుట్టిన కన్నంలో పెట్టేవాటికి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు లోపే ఉండాలి. చర్మానికి బయటి నుంచి తగిలేవాటికి ఆ పరిమితి 0.5.

అలర్జీ లేనివాళ్లకు మంచి పాలిష్ ఉన్న ఎఫ్138 స్టీల్ సరిపోతుంది. నాకు మాత్రం అది వద్దు. ఆ పొర ఎక్కడ గీసుకుపోతుందోనన్న టెన్షన్ ఎందుకు?

మిగిలినవి టైటానియం, నియోబియం, గాజు. టైటానియంలో అడగాల్సింది ఏఎస్‌టీఎం ఎఫ్136 లేదా ఎఫ్67. మొదటిది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన మిశ్రమం, రెండోది దాదాపు శుద్ధ టైటానియం. ఎముకల్లో, దంతాల్లో వేసే లోహం ఇదే. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాన్ని తీయబోతే అది ఎముకతో కలిసిపోయి ఊడిరాలేదు. 1965లో మొదటిసారి మనిషి దవడలో, దంతాలకు ఆధారంగా అమర్చారు. చెవి తమ్మెలో ఎముక లేదు కాబట్టి అతుక్కుపోతుందన్న భయం అక్కర్లేదు. ఒళ్లు దాన్ని పరాయిదని తోసిపుచ్చదు, నాకు కావాల్సింది అదే.

1.2 నుంచి 3 మి.మీ.

ఇందిరానగర్‌లో ఒక పియర్సింగ్ స్టూడియో. లోపలికి వెళ్లగానే మిల్ సర్టిఫికెట్, అంటే లోహం తయారైన చోట ఇచ్చే కాగితం, చూపించమని అడిగాను. పియర్సర్ విసుక్కోలేదు. ఫైలు తీసి ఎఫ్136 అని రాసి ఉన్న కాగితం, హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిన లోహమో చెప్పేది), ఒక్కో మూలకం ఎంత శాతమో ఉన్న పట్టిక చూపించాడు. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చే స్పోర్ టెస్ట్ రికార్డులూ చూపించాడు. ఇలా అడిగితే మొహం ముడుచుకునే చోట నేను చెవి పెట్టను.

అక్కడ ఒక సంగతి తెలిసింది. మన దుద్దులకు ఉండే సౌత్ స్క్రూలో మరలు కాడ మీదే కోసి ఉంటాయి. పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ ఆ మరలు కన్నం లోపల రాసుకుంటాయి. మానిన కన్నానికి ఇది పెద్ద బాధ కాదు, పచ్చిదానికి మాత్రం గాయమే. మంచి బాడీ జ్యువెలరీలో కాడ నున్నగా ఉంటుంది. మరలు లోపల ఉంటాయి, లేదా మరలే లేకుండా చిన్న పిన్ను వంచి బిగిస్తారు. భూతద్దంలో రెండూ పక్కపక్కన చూశాను. ఒకటి అద్దంలా మెరుస్తోంది. నా పాత దుద్దు మరల సందుల్లో నల్లటి మట్టి గట్టిపడి ఉంది.

1.2, 1.6, 2, 2.4, 3. ప్రతి మెట్టుకూ మధ్య కనీసం నెల, చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఆగాను. కొత్త సైజు ఎక్కినప్పుడు కాస్త మంట ఉంటుంది, నొప్పీ రక్తమూ ఉండకూడదు. కడగడానికి మందుల షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ తప్ప ఇంకేమీ వాడలేదు. డెట్టాల్, స్పిరిట్, పసుపు నూనె అన్నీ సలహాలుగా వచ్చాయి. వేపపుల్ల పెట్టమని అమ్మ చెప్పింది. ఆ రోజుల్లో బంగారం చేతికొచ్చేదాకా కన్నం పూడిపోకుండా వేపపుల్లో, చీపురుపుల్లో పెట్టేవాళ్లు. నికెల్ లేనిదే గానీ పుల్లను స్టెరిలైజ్ చేయలేం, దాని పీచు లోపలే విరిగిపోవచ్చు. ఇప్పుడు దాని అవసరం లేదు.

4, 5 మి.మీ.: గాజు

ఇక్కడి నుంచి గాజు ప్లగ్గులు, అంటే కన్నంలో నిండుగా పట్టే గుండ్రటి బిరడాల్లాంటివి. బోరోసిలికేట్, ఒకవైపు మాత్రమే అంచు ఉన్నవి. అంచు లేని వైపు నుంచి జారుతుంది, వెనక రబ్బరు రింగుతో ఆగుతుంది. రెండు వైపులా అంచున్నవి సాగదీసేటప్పుడు వాడకూడదు. ఆ అంచు అసలు సైజు కంటే పెద్దది కాబట్టి కన్నం మీద ఒక మెట్టు ఎక్కువ భారం పడుతుంది.

గాజంటే నాకు గౌరవం పెరిగింది. రంధ్రాలు లేవు, నికెల్ లేదు, ఆటోక్లేవ్‌లో పెట్టొచ్చు, వేడినీళ్లతో కడిగితే కొత్తదానిలా ఉంటుంది. నునుపు ఎంతంటే జొజోబా నూనె చుక్క రాస్తే దానంతటదే జారుతుంది. కింద పడితే పగులుతుంది, అంతే దాని లోపం. అంచు చిట్లిన గాజును మాత్రం ఎంత ఖరీదైనదైనా చెవిలో పెట్టొద్దు.

ఆఫీసులో ఒకమ్మాయి ఇదే పని అక్రిలిక్ టేపర్లతో, అంటే ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉండే ప్లాస్టిక్ కడ్డీలతో చేస్తోంది. రంగురంగుల కిట్టు, కొన్ని వందలకే వచ్చిందట. ఒకరోజు చెవి వెనక చూపించింది. కన్నం చుట్టూ ఎర్రటి ఉంగరంలా లోపలి చర్మం బయటికి పొంగి ఉంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. తొందరగా, పెద్ద పెద్ద అంగలతో తోస్తే లోపలి చర్మం వెనకవైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు సైజు తగ్గించుకుని మానే దాకా ఆగాలి, వేరే దారి లేదు. అక్రిలిక్‌తో అసలు సమస్య ఇంకోటి. దాన్ని ఆటోక్లేవ్ చేయలేం, స్పిరిట్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలో మురికి చేరుతుంది. పైగా టేపర్ నగ కాదు, పనిముట్టు. దాన్ని వారాల తరబడి వేలాడదీస్తే రెండు వైపులా బరువు సమానంగా ఉండదు. ఆ అమ్మాయికి 3 మి.మీ. గాజు ప్లగ్గుల జత ఇచ్చాను. నాకు వాటితో పని అయిపోయింది, ఆటోక్లేవ్ చేయించి మరీ ఇచ్చాను.

సిలికాన్ గురించీ అడిగింది. మానిపోయిన చెవికి, నిద్రపోయేటప్పుడో ఆటలప్పుడో అయితే మెత్తగా హాయిగా ఉంటుంది. సాగదీయడానికి మాత్రం పనికిరాదు. నొక్కి పెట్టేస్తే లోపల విచ్చుకుని కన్నాన్ని ఒక్కసారిగా లాగుతుంది, పచ్చి చర్మానికి పట్టుకుపోతుంది.

6 మి.మీ.: నీళ్లలో తూచిన రోజు

గాజుతో మార్చి మార్చి పెట్టుకోవడానికి టైటానియం ప్లగ్గులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర అనుమానంగా తక్కువ. డబ్బా మీద ఎఫ్136 అనే ఉంది. సర్టిఫికెట్ అడిగితే జవాబు లేదు. ఇక కొలవడమే.

ఎవెన్యూ రోడ్డులో కొన్న 0.01 గ్రాము త్రాసు ఉంది. ముందు ప్లగ్గును మామూలుగా తూచాలి. తర్వాత గ్లాసుడు నీళ్లు త్రాసు మీద పెట్టి సున్నా చేసి, ప్లగ్గును సన్నటి దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తాకకుండా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే దాని ఘనపరిమాణం, క్యూబిక్ సెంటీమీటర్లలో. మొదటి బరువును దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేయాలి, లేకపోతే ప్లగ్గును అంటుకున్న చిన్న బుడగలు లెక్క తప్పిస్తాయి.

స్టూడియోలో కొన్న ప్లగ్గు: 1.46 గ్రాములు, నీళ్లలో 0.33. సాంద్రత 4.42. ఎఫ్136 సాంద్రత 4.43, చేతి త్రాసుకు ఇంతకంటే దగ్గరగా రావడం కష్టం.

ఆన్‌లైన్ ప్లగ్గు: 2.61 గ్రాములు, నీళ్లలో అదే 0.33. సాంద్రత 7.9. అది స్టీల్. 316ఎల్ స్టీల్‌కు సుమారు 8 ఉంటుంది. చేతిలో పట్టుకున్నప్పుడే బరువు తేడా తెలిసింది గానీ అంకె చూశాక కోపం వచ్చింది. నికెల్ పడనివాళ్లు టైటానియం అన్న మాట నమ్మి పచ్చి చెవిలో దీన్ని పెట్టుకుంటారు. నెలల తరబడి చీము కారితే తమ ఒళ్లే మంచిది కాదనుకుంటారు.

రెండూ స్టూడియోకు తీసుకెళ్లాను. పియర్సర్ వాటిని కరెంటుతో టైటానియానికి రంగు తెప్పించే యానోడైజింగ్ మెషిన్‌లో ముంచి 27 వోల్టుల దగ్గర పెట్టాడు. నిజమైనది చూస్తుండగానే గోధుమ రంగు, ఊదా దాటి ముదురు నీలానికి వచ్చి ఆగింది. ఇది రంగు పూయడం కాదు. పైనున్న ఆక్సైడ్ పొర మందం పెరిగేకొద్దీ వెలుగు వేరే రంగులో కనిపిస్తుంది, కాబట్టి పెచ్చులూడేది ఏమీ ఉండదు. రెండోది బుడగలు మాత్రం వదిలింది, రంగు తిరగలేదు. ఆ జత ఫొటోలతో, అంకెలతో వెనక్కి పంపాను. డబ్బు వచ్చింది.

అయస్కాంతం సంగతి చాలామంది అడుగుతారు. గట్టిగా అంటుకుంటే అది పనికిరాదని తేలిపోతుంది. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలదు. 316ఎల్ స్టీలూ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు.

7, 8 మి.మీ.

గేజ్ పట్టీల్లో 6 తర్వాత నేరుగా 8 ఉంటుంది. ఆ 2 మి.మీ. అంగ చాలా పెద్దది, మధ్యలో 7 తప్పనిసరి. నేను 6 మి.మీ. గాజు ప్లగ్గు మీద జిగురు లేని టెఫ్లాన్ టేపు వారానికో చుట్టు చొప్పున పెంచుకుంటూ వచ్చాను. టెఫ్లాన్ చర్మంతో ఏ చర్యా జరపదు, ఒక్కో చుట్టుకు మందం చాలా కొద్దిగా పెరుగుతుంది. ఏ వారమైనా చెవి బిగుసుకున్నట్టుంటే కొత్త చుట్టు వేయలేదు. ఎడమ చెవి కుడిదానికంటే నెమ్మది, దాని వేగంతోనే రెండూ నడిచాయి. ఇంత సైజుకు వచ్చాక కన్నం తిరిగి మామూలు దుద్దు సైజుకు వస్తుందని లెక్కపెట్టుకోకూడదు. కొందరికి చాలావరకు మూసుకుంటుంది, కొందరికి మూసుకోదు. నేను దానికి ఒప్పుకునే మొదలుపెట్టాను.

చెన్నపట్న, చింతచేవ

8 మి.మీ. పూర్తిగా మానాక కర్ర ప్లగ్గుల మీద మనసు పోయింది. మైసూరు రోడ్డులో చెన్నపట్న వెళ్లాను. అక్కడి బొమ్మల కర్ర మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రే. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో ఒత్తితే మెరుపొస్తుంది. గంటసేపు చూసినా తనివి తీరలేదు. కానీ చెవి లోపలికి అది వద్దనుకున్నాను. అంకుడు మెత్తటి కర్ర, చెమట పీల్చుకుంటుంది. లక్కలో కలిపిన రంగేమిటో ఒక్కో పనివాడిదీ ఒక్కో తీరు. అంచు దగ్గర లక్క చిట్లితే పదునుగా ఉంటుంది. చెవి బయట వేలాడే లోలాకులకైతే ఇంతకంటే అందమైనది లేదు.

చేవదేలిన చింతకర్ర ఉందా అని అడిగితే ఒక పెద్దాయన మూల నుంచి ముక్క తీశారు. తెలుగు బాగా మాట్లాడతారు. "ఇది రాయి తల్లీ, ఉలి అరిగిపోతుంది" అంటూనే తిప్పి ఇచ్చారు. రంగూ వార్నిషూ ఏమీ వేయొద్దన్నాను. ఇంటికొచ్చి 2000 నంబరు గరుకు కాగితం దాకా రుద్ది, తడి తెల్లగుడ్డలో రాత్రంతా చుట్టి రంగు దిగుతోందేమో చూశాను. దిగలేదు. ఆరాక జొజోబా నూనె పట్టించాను. రోజ్‌వుడ్ కూడా ఇస్తామన్నారు, తీసుకోలేదు. ఆ జాతి కర్రల్లోని కొన్ని రసాయనాలు కొందరికి చర్మ అలర్జీ తెస్తాయి. ఒక అలర్జీ ఉన్నవాళ్లు ఇంకోదాన్ని వెతుక్కోనవసరం లేదు.

వారం రోజులుగా పగలు చింత ప్లగ్గులు, స్నానానికి ముందు తీసేసి రాత్రికి గాజు. ఇన్నాళ్లూ కన్నం నుంచి వచ్చిన వాసన బాగా తగ్గింది. తేమ మారితే కర్ర ఉబ్బుతుంది కాబట్టి పెట్టుకునే ముందు వెర్నియర్‌తో కొలుస్తున్నాను. వాన పడ్డ రోజు 8.1 చూపించింది, ఆ రోజు పెట్టుకోలేదు.

ఇప్పుడు బంగారం

అమ్మ రాజీకొచ్చింది. "పెట్టుకునేదేదో బంగారంలో చేయించుకో" అంది. నగరత్‌పేటలో ఒక ఆచారి గారితో మాట్లాడాను. నాకు కావాల్సింది లోపల బోలుగా ఉండే గొట్టం లాంటి ప్లగ్గు. 22 క్యారెట్ ఇలాంటి గొట్టానికి మెత్తన, నొక్కుకుపోతుంది, 18 క్యారెట్ చేద్దామన్నారు. గోడ మందం 0.8 మి.మీ. పెడితే ఒక్కోటి సుమారు 3 గ్రాములు.

నా ప్రశ్న మిగతా 25 శాతం గురించి. హాల్‌మార్క్ బంగారం ఎంతో చెబుతుంది గానీ కలిపిందేమిటో చెప్పదు. పైగా 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, ముక్కుపుడకలు, చెవికి పెట్టే చిన్న రాళ్లు చాలావరకు ఆ లోపే వస్తాయి. ఆచారి గారు పసుపు బంగారంలో వెండి, రాగి మాత్రమే కలుపుతామన్నారు. తెల్ల బంగారంలో నికెల్ పడే అవకాశం ఉంది, అది వద్దన్నాను. గొట్టానికి ఒక అతుకు తప్పదట. టంకం కేడీఎం కాకూడదని అడిగాను. అందులోని కాడ్మియం పొగ ముందు దెబ్బతీసేది కొలిమి దగ్గర కూర్చునే వాళ్లనే. "మా నాన్న ఆ పొగతోనే దగ్గి దగ్గి పోయాడమ్మా, నేను ముట్టను" అన్నారు.

ఆయన వాడే టంకం ముక్క, 18 క్యారెట్ రేకు ముక్క ఇచ్చారు. పక్క వీధిలో టచ్ (బంగారం స్వచ్ఛత) చూసే షాపులో ఎక్స్‌రే మెషిన్ ఉంది, నికెల్, కాడ్మియం కూడా చూపిస్తుంది. ఆ కిరణాలు కొన్ని మైక్రాన్ల లోతుకే చూస్తాయి కాబట్టి రేకును మధ్యకు కోసి, కోసిన అంచు వైపు చూపించాలి. శనివారం వెళ్తున్నాను. రెండింట్లోనూ నికెల్, కాడ్మియం సున్నా అని వస్తే అడ్వాన్సు ఇచ్చేస్తాను. రిపోర్టులోని అంకెలు తర్వాతి ఎంట్రీలో రాస్తాను.